కోవా గిటారు వీపు మీద పగులు

షోరూమ్ ఉద్యోగమంటే చల్లటి గదిలో టై కట్టుకుని నిలబడటమే అనుకుని గల్ఫుకి బయల్దేరే కుర్రాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చల్లటి గది ఉండే మాట నిజమే. నేను చెప్పబోయే అనర్థమంతా ఆ చల్లదనం వల్లనే వచ్చింది.

మస్కట్‌లో బౌషర్ వైపు ఉన్న ఒక వాయిద్యాల షోరూమ్‌లో నేను చాలా ఏళ్ళు సేల్స్‌లో పనిచేశాను. కీబోర్డులు, ఊద్‌లనే అరబ్బు వీణలు, గిటార్లు అమ్మేవాళ్ళం. అక్కడ నన్నెవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు, ‘కంప్లైంట్ సార్’ అనేవారు. ఆ పేరు పెట్టింది మా మేనేజరు, హైదరాబాదు మనిషి. నేను చేరిన కొత్తలోనే కౌంటరు వెనకున్న నా కుర్చీని తన గదిలోకి వేయించుకున్నాడు, వచ్చేపోయే వాళ్ళ కోసమని. నా కుర్చీ నాకు కావాలని అడిగాను.

"సేల్స్ మనిషికి కుర్చీ ఎందుకు సాబ్? మీరు కూసుంటే కస్టమర్ నిలబడి ఏం చేస్తడు, వాపస్ పోతడు" అన్నాడు, అందరి ముందూ.

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఆ తర్వాత నా టీ గ్లాసు పగిలితే కొత్తది కొనలేదు. మిగతా స్టాఫ్‌కి గాజు గ్లాసుల్లో, నాకు కాగితం కప్పులో. అదీ అడిగాను. డెలివరీ వ్యాన్‌లో ఏసీ సరిగ్గా పనిచేయటం లేదని చలికాలం నుంచీ చెబుతూనే ఉన్నాను. చలికాలంలో ఏసీ గురించి గోల చేసే మనిషిని నన్నొక్కణ్ణే చూశామన్నారు. ఎండాకాలం వస్తుందని నాకు ముందే తెలియటం కూడా నా తప్పే.

ఆ ఏడాది ఎండలు ముదిరే వేళకి షోరూమ్‌కి రెండు కోవా గిటార్లు వచ్చాయి.

కోవా హవాయి దీవుల చెట్టు. మన తుమ్మకి దూరపు చుట్టం. చెక్క తేనె రంగులో ఉంటుంది. కొన్ని మొద్దుల్లో నార వంకరలు తిరిగి ఉంటుంది. వాటితో చేసిన గిటారుని వెలుతురులో అటూ ఇటూ తిప్పితే పులి వీపు మీద చారలు కదిలినట్టు కదులుతాయి. చారలున్నదానికి గిరాకీ ఎక్కువ. చారలు లేనిది సాదాగా కనిపిస్తుంది గానీ పలకటంలో దేనికీ తీసిపోదు. ఏదైనా కొత్తలో బిగుసుకునే పలుకుతుంది, వాయించేకొద్దీ గొంతు విచ్చుకుంటుంది. ముఖ్యమైన సంగతి, గిటారు చెక్క చాలా పల్చన. గాలిలో తేమ తగ్గితే కుంచించుకుపోతుంది, ఎటూ జరిగే వీల్లేక నార వెంట పగులుతుంది. ఏసీ గాలి పొడి గాలి. అందుకే ఇలాంటి గిటార్లని పెట్టెలోనే, తేమ పొట్లం వేసి ఉంచుతారు.

రెండు గిటార్లూ ఒకే ఇంటి కోసం తెప్పించినవి. మా షోరూమ్ ఉన్న బిల్డింగ్ ఎవరిదో ఆయనే మా కస్టమరు. కొండల అవతల ఇబ్రా అనే ఊళ్ళో ఉంటాడు, ఒమానీ పెద్దమనిషి. ఆయన కూతురు స్కూలు చదువు పూర్తి చేసింది. మంచి గిటారు కొనిస్తానని ఆ పిల్లకి నాయనమ్మ మాటిచ్చిందట. రెండిట్లో ఒకటి ఎంచుకుంటారు. ఆయన పేరు వింటేనే మా ఓనరు కూర్చున్నవాడు లేచి నిలబడేవాడు.

ఇంత ముఖ్యమైన సరుకుని మా మేనేజరు ఏం చేశాడంటే, చారల గిటారుని పెట్టెలోంచి తీసి, లోపలికి రాగానే కనబడేట్టు గోడకి వేలాడదీశాడు. సరిగ్గా దాని మీదే ఏసీ గాలి పడుతుంది.

"సార్, అక్కడ వద్దు. ఎండిపోతుంది" అన్నాను.

"పెట్టెల పెడితే ఎవడు చూస్తడు సాబ్? దుకాణం పెట్టుకున్నది దాచుకోనీకా?"

రెండు రోజులాగి మళ్ళీ చెప్పాను. ఈసారి కౌంటరు దగ్గరున్న వాళ్ళని పిలిచి మరీ అన్నాడు: "అరే, కంప్లైంట్ సార్ చెప్తున్నడు, గిటారుకు చలి పెడుతుందంట. ఒక స్వెట్టర్ కుట్టియ్యండి రా."

మళ్ళీ నవ్వులు.

ఒకరోజు పొద్దున గుడ్డతో దాన్ని తుడుస్తుంటే వీపు వైపు నా గోరు ఎక్కడో పట్టుకుంది. చూస్తే వెంట్రుకంత సన్నటి పగులు, వేలెడు పొడవు, మధ్య అతుకు పక్కనే నార వెంట దిగింది. దాన్నలాగే చేతుల్లో పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్ళి, తలుపు మూసి చూపించాను. ఆయన దాన్ని వెలుతురులోకి తిప్పి చూశాడు. ఇక్కడ పెట్టి పొమ్మన్నాడు.

మర్నాడు చూస్తే పగులు లేదు. అక్కడ నున్నగా మెరుస్తోంది. ముక్కు దగ్గరగా పెట్టి చూశాను. చెక్క వాసన లేదు, చెప్పుల కొట్టు వాసన వచ్చింది. గోధుమ రంగు బూటు పాలిష్.

నేను నోరు తెరిచేలోపు మేనేజరే నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఏం చూస్తున్నరు సాబ్? ఏమన్నా ఉందా?"

"సార్, ఇది పంపితే..."

"ఓనర్ సాబ్ ఇదే గిటార్ ఫోటో ఇబ్రాకు పంపిండు. వాళ్లకు ఇదే నచ్చింది. ఇప్పుడు ఇది ఖరాబైందని మీరు చెప్తరా, నేను చెప్పాల్నా?" గొంతు తగ్గించాడు. "మీ వీసా రెన్యువల్ ఈ నెలనే గదా. ఫైల్ నా టేబుల్ మీదనే ఉంది. ఉండనియ్యాల్నా, పంపాల్నా?"

మా అమ్మాయి దార్సైట్‌లో ఇండియన్ స్కూల్లో పదో తరగతిలోకి అప్పుడే వచ్చింది. బోర్డు పరీక్షకి పేరు నమోదైంది కూడా అక్కడే. వీసా పోతే ముగ్గురం పెట్టెలు సర్దుకోవాలి, పిల్ల చదువు మధ్యలో తెగిపోతుంది. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ కుక్కరు మూత పెడుతూ ఆగిపోయింది.

"మీ నోటికి దణ్ణం పెడతానండీ. ఈ ఒక్క ఏడాదీ ఏమీ మాట్లాడకండి" అంది.

నా ఇంట్లో కూడా నా నోటికి ఉన్న మర్యాద అదీ.

పిల్ల నాయనమ్మ పెద్దావిడ, ప్రయాణం చేసే ఓపిక లేదు కాబట్టి రెండు గిటార్లూ ఇబ్రాకే తీసుకెళ్ళాలన్నారు. తీసుకెళ్ళేది నేనే. బయల్దేరే ముందు మేనేజరు నా టై ముడి సరిచేస్తూ చెప్పాడు: "ఆ పిల్ల చారలదే తీసుకుంటది. మీరేం అమ్మనవసరం లేదు. ఊకె నవ్వండి చాలు. నవ్వనీకి వస్తది గదా?"

వ్యాన్ నడిపేది నిజామాబాద్ వైపు మనిషి, ఏళ్ళ తరబడి ఒమాన్‌లో ఉన్నవాడు. ఊరు దాటగానే మొదలుపెట్టాడు.

"సార్, ఎనక గా నల్లపెట్టెలు రొండు జూస్తే నాకు భయమైతాంది. శవాల డబ్బాల లెక్కున్నయ్. ఏందవి?"

"గిటార్లయ్యా. కోవా చెక్క."

"కోవానా? పాలకోవా లెక్కనా?"

"కాదు, చెట్టు పేరు. మన తుమ్మకి చుట్టం అనుకో."

"తుమ్మనా! గీ తుమ్మమొద్దు కోసమా సార్ నీకు పొద్దుగాల సంది గట్ల పెయ్యంత చెమటలు పడుతున్నయ్?" రోడ్డు పక్కన రాళ్ళ మధ్య నిలబడ్డ ముళ్ళ చెట్లు చూపించాడు. అక్కడి వాళ్ళు వాటిని సమ్ర్ అంటారు, అవీ తుమ్మ జాతివే. "గిండ్ల ఒకటి కొట్టుకపోయి ఇస్తే అయిపోతుండె."

నాకు నవ్వు రాలేదు. బిద్‌బిద్ దాటి కొండల్లోకి మళ్ళాక వ్యాన్ ఏసీ ఒకసారి దగ్గి, వేడి గాలి కొట్టి, ఆగిపోయింది.

"అయ్యో, పాయె" అన్నాడు డ్రైవరు. "నువ్వు కంప్లైంట్ ఇచ్చినవ్ గద సార్. గందుకే పోయింది. ఇయ్యకపోతే ఇంక నడుస్తుండె."

గిటారుకి పొడిగాలి ఒక శత్రువైతే వేడి ఇంకొకటి. అతికించిన జిగురు మెత్తబడుతుంది, తంతుల లాగుడికి తంతులు పట్టుకునే చెక్క పైకి లేస్తుంది. వెనక ఉన్న రెండు పెట్టెల్నీ ముందుకి తెచ్చి, ఒకటి మా మధ్య నిలబెట్టి, ఒకటి ఒళ్ళో పెట్టుకున్నాను. కిటికీ తెరిస్తే పొయ్యిలోంచి వచ్చినట్టు గాలి. మూస్తే ఊపిరాడదు. కోటు విప్పి పెట్టె మీద కప్పాను. మాటిమాటికీ అరచేయి పెట్టె మీద పెట్టి చూసేవాణ్ణి, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. చెమట పెట్టె మీద పడకుండా తల పక్కకి తిప్పుకుని కూర్చున్నాను.

మేనేజరుకి ఫోన్ చేసి ఏసీ పోయిందని చెప్పాను.

"రోడ్ మీదికెల్లి గూడ కంప్లైంటేనా సాబ్" అని పెట్టేశాడు.

ఆ ఫోన్ నేను చేయకుండా ఉండాల్సింది. కానీ చెడిపోయినదాన్ని చెడిపోయిందని చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. అంతే.

ఇబ్రా చేరేసరికి నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఖర్జూరపు తోట పక్కన పెద్ద ఇల్లు. గడప బయట చెప్పులు విప్పాం. అతిథుల గదిలో తివాచీలు, గోడల వెంట దిండ్లు. ఇంటాయన లేచి వచ్చి చేయి కలిపాడు. మనిషి నెమ్మదస్తుడు. ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు, మధ్యమధ్య హిందీ. ఎదురుగా పెద్దావిడ, ఆమె పక్కన అమ్మాయి. వాళ్ళ మర్యాద మీకు తెలియాలి: అక్కడ ఏ పనైనా కాఫీ, ఖర్జూరం అయ్యాకే. చిన్న పిడిలేని కప్పులో పోస్తారు. అది ఖాళీ అయిన ప్రతిసారీ నింపుతూనే ఉంటారు. ఇక చాలు అనాలంటే కప్పుని కాస్త ఊపాలి.

నేను ఊపలేదు. నా చేయే వణికింది. కాఫీ పోసే ఆయన అది చూసి చాలనుకుని కప్పు తీసుకెళ్ళిపోయాడు. గొంతు ఎండిపోయి ఉంది, నాకు దక్కింది ఒక్క గుక్క. గుమ్మం దగ్గర కూర్చున్న మా డ్రైవరు మాత్రం నింపించుకుంటూనే ఉన్నాడు.

పెట్టెలు తెరిచాను. తంతులు పట్టుకునే చెక్క రెండింటికీ గట్టిగానే ఉంది. ప్రాణం లేచొచ్చింది. కానీ చారలదాన్ని ఎత్తి ఇచ్చేటప్పుడు నా వేళ్ళకి వీపు మీద ఒకచోట కాస్త జిడ్డు తగిలింది. దారి పొడుగునా వేడికి పాలిష్ కరిగింది. చేయి గబుక్కున ప్యాంటుకి తుడుచుకున్నాను.

అమ్మాయి దాన్ని కిటికీ వెలుతురులో తిప్పింది. చారలు కదిలాయి. "మాషా అల్లాహ్" అంది పెద్దావిడ. అమ్మాయి వాయించింది, తర్వాత సాదాది వాయించింది, మళ్ళీ చారలదే తీసుకుంది. దాన్ని ఒళ్ళోంచి దించటం లేదు. మేనేజరు చెప్పినట్టే జరుగుతోంది. నేను నవ్వుతూ కూర్చోవాలి, అంతే. ఇంకాసేపు నవ్వితే ఇల్లు చేరతాను, ఫైలు కదులుతుంది, పిల్ల పరీక్ష రాస్తుంది.

అప్పుడు ఇంటాయన నా వైపు తిరిగాడు.

"మీరు రోజూ చూసే మనిషి కదా. మీరైతే ఏది తీసుకుంటారు?"

ఇంతకంటే మర్యాదైన ప్రశ్న ఆ షోరూమ్‌లో నన్నెవరూ ఎన్నడూ అడగలేదు. ఇంతగా భయపెట్టింది కూడా ఇంకొకటి లేదు. మా ఆవిడ పట్టుకున్న కుక్కరు మూత కళ్ళ ముందుకొచ్చింది. రెండూ మంచివేనండీ అనాలి, తెలుసు. నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది.

"సాదాది" అన్నాను.

ఆయన కూతురి వైపు చూసి నవ్వాడు. అమ్మాయి కూడా నవ్వింది.

"మీ మేనేజరు పొద్దున్నే ఫోన్ చేశాడు. మావాడు ప్రతిదానికీ వంక పెడతాడు, బాగున్నదాన్ని బాగాలేదంటాడు, పట్టించుకోవద్దు అన్నాడు. మీరు మంచివారేనట గానీ మీ అలవాటు అదేనట" అన్నాడు.

నా మాట నా నోటి నుంచి రాకముందే దాన్ని కొట్టేసి పెట్టాడు మేనేజరు. ఇన్నేళ్ళుగా కుర్చీ గురించీ, గ్లాసు గురించీ, ఏసీ గురించీ నేను చెప్పిన నిజాలన్నీ కలిసి ఆ రోజు చెప్పిన నిజానికి అడ్డం కూర్చున్నాయి. పిల్లలూ, దీన్నుంచి మీరు ఫిర్యాదు చేయకూడదనే పాఠం నేర్చుకుంటారేమో. నేను నేర్చుకున్నది అది కాదు. పగులు మాట మళ్ళీ ఎత్తటానికి మాత్రం ధైర్యం చాలలేదు. తల దించుకున్నాను.

పెద్దావిడ ఏదో అని చేయి ఊపింది. లోపల్నుంచి ధూపం పాత్ర తెచ్చారు. మట్టి పాత్ర, అందులో సమ్ర్ చెట్టు బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. వాటి మీద సాంబ్రాణిగడ్డలు వేయగానే తెల్లటి పొగ లేచింది. వాళ్ళింట్లో కొత్త బట్టలైనా, కొత్త వస్తువైనా ధూపం పట్టాకే వాడతారు. కొత్త గిటారుకీ అదే.

నిప్పుల మీద కోవా! తుమ్మ బొగ్గుల మీద తుమ్మ చెక్క. నేను సగం లేచాను. "వద్దు" అనటానికి నాకు అరబీ మాటలు కూడా గుర్తురాలేదు. పెద్దావిడ నా వైపు చూసి కూర్చోమని సైగ చేసింది. కూర్చున్నాను.

ఎంచుకునేది ఒకటే అయినా రెండింటికీ పట్టాలంది ఆమె. ముందు సాదాది. అమ్మాయి దాన్ని బోర్లా పట్టుకుంది, రంధ్రం ధూపం పాత్ర మీదికి వచ్చేట్టు, కాస్త ఎత్తులో. పొగ లోపలికి నిండింది, నిండినంత నిండి, మళ్ళీ కిందినుంచే అంచుల చుట్టూ దొర్లుకుంటూ బయటికొచ్చింది. నాయనమ్మ ఏదో మంత్రంలా పెదవులు కదిపింది.

తర్వాత చారలది. అదే విధంగా బోర్లా పట్టుకుంది. వీపు పైకి ఉంది. పొగ లోపలికి వెళ్ళింది.

నేను వీపునే చూస్తున్నాను. ఆ గదిలో దాన్ని చూస్తున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ముందు ఏమీ లేదు. తర్వాత అతుకు పక్కన, సరిగ్గా నాకు తెలిసిన చోట, దారప్పోగంత పొగ నిటారుగా పైకి లేచింది. అగరువత్తి గుచ్చినట్టు. ఊపిరి బిగబట్టాను, నేను గాలి పీలిస్తే అందరూ చూస్తారేమోనన్నట్టు.

"సార్," అన్నాడు గుమ్మం దగ్గర్నుంచి మా డ్రైవరు, తెలుగులో, గట్టిగా, వేలు చూపిస్తూ, "గా గిటారు అంటుకున్నదా ఏంది?"

అందరూ చూశారు.

ఇంటాయన గిటారుని తీసుకుని వెలుతురులోకి వెళ్ళాడు. వేలితో వీపు మీద నిమిరాడు. అమ్మాయి ముఖం వాడిపోయింది. ఆయన ఫోన్ తీసి మా మేనేజరుకి చేశాడు, అందరికీ వినబడేట్టు పెట్టాడు. వీపు మీద పగులుందని చెప్పాడు.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు మా మేనేజరు. "సర్, వ్యాన్‌లో ఏసీ పాడైంది. దారిలోనే మావాడు ఫోన్ చేసి ఒప్పుకున్నాడు. ఎండలో పెట్టి తెచ్చి ఉంటాడు. బాధ్యత పూర్తిగా అతనిదే. వెంటనే చర్య తీసుకుంటాం సర్" అన్నాడు, చక్కటి ఇంగ్లీషులో.

రోడ్డు మీద నుంచి నేను చేసిన కంప్లైంటే నా మీదికి తిరిగొచ్చింది. చర్య అంటే ఏమిటో నాకు తెలుసు. ఫైలు కదలదు. టికెట్టు మాత్రం కదులుతుంది. మా అమ్మాయికి ఈ మాట ఎలా చెప్పాలా అని అక్కడే కూర్చుని మాటలు వెతుక్కుంటున్నాను.

ఇంటాయన ఫోన్ పక్కన పెట్టి, పగులు మీద గోరుతో గీశాడు. గోరు కింద గోధుమ రంగు ముద్ద వచ్చింది. వాసన చూశాడు. ఏమీ అనకుండా కూతురి ముక్కు దగ్గర పెట్టాడు.

"బాబా, మీ ఆఫీసు బూట్ల వాసన" అంది ఆ పిల్ల.

ఆయన ఫోన్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "వ్యాన్‌లో ఏసీ లేదు, సరే. ఇబ్రా రోడ్డు మీద బూటు పాలిష్ ఎవరు పూశారు?"

ఫోన్ తెగిందేమో అని ఆయన తెర చూసుకున్నాడు. తెగలేదు.

పెట్టేసి నా వైపు తిరిగాడు. "మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

భయం అప్పటికి తల మీదుగా పోయినట్టుంది. నాలోని పాత మనిషి లేచి కూర్చున్నాడు. "చెప్పానండీ. సాదాది తీసుకుంటానని చెప్పాను. మీరు నవ్వారు" అన్నాను.

ఓనరే నిలబడి మాట్లాడే మనిషితో నేనన్న మాట అది. పెద్దావిడ నేనేమన్నానని అడిగింది. ఆయన అరబీలో చెప్పాడు. ఆమె నన్ను కాసేపు చూసి, కాఫీ పోసే ఆయన్ని పిలిచి నా వైపు చూపించింది. "తఫద్దల్" అంది, తీసుకోమని. ఈసారి కప్పుని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. వణక్కుండా.

అమ్మాయి సాదాది తీసుకుంది. మొదట అయిష్టంగా. చారలదాన్ని పెట్టెలో పెట్టి మూసేదాకా కళ్ళు దాని మీదే ఉన్నాయి. మేం చెప్పులు తొడుక్కుంటుంటే లోపల్నుంచి సాదాది పలకటం వినబడింది. ఇంకా బిగుసుకునే ఉంది గొంతు. ఇప్పటికి విచ్చుకునే ఉంటుంది.

తిరుగు దారిలో డ్రైవరు బండి వేగం తగ్గించాడు. "సార్, నేను తెల్వక అన్న గద. నీ నౌకరి పోతదా?" అన్నాడు.

"తెలీదయ్యా" అన్నాను. నిజంగా తెలీదు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పను. ఓనరు మేనేజరుని పిలిచి తలుపేసుకుని మాట్లాడాడు. నన్ను పిలవలేదు. ప్రతి ఫోన్ మోతకీ ఉలిక్కిపడేవాణ్ణి. ఇంట్లో మా అమ్మాయి పైకి చదువుకుంటుంటే మా ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు. ఒకనాడు నా పాస్‌పోర్టు కౌంటరు మీద పెట్టి ఉంది, వీసా రెన్యూ అయి. మేనేజరు పక్కనుంచి పోతూ, "మీ కోసం నేనే పోయి ఫాలో అప్ చేసిన సాబ్" అన్నాడు. ఇబ్రా నుంచి ఎవరైనా ఒక మాటన్నారో, లేదో, ఇప్పటికీ నాకెవరూ చెప్పలేదు. నువ్వు చెప్పింది నిజమే అని మాత్రం ఆ కంపెనీలో ఒక్కడూ అనలేదు. దానికి బదులు ఒక సర్క్యులర్ వచ్చింది: కస్టమర్ల ఇళ్ళలో వాయిద్యాలకి ధూపం వేయనీయరాదు. వ్యాన్ ఏసీ బాగుచేయించారు, ఒకసారి మేనేజరే అందులో వెళ్ళాల్సి వచ్చాక.

మా అమ్మాయి పదో తరగతి అక్కడే పూర్తి చేసింది.

పోయిన ఏడాది నేను రిటైరయ్యాను. షోరూమ్‌లోనే చిన్న సభ పెట్టారు. నాకు వేదిక మీద కుర్చీ వేశారు. కూర్చుని చేయి వేయగానే తెలిసింది, చేతి కింది రెక్సిన్ చిరుగుతో సహా, అది నా కుర్చీయే. మేనేజరు మాట్లాడుతూ, కంపెనీ ఒక జ్ఞాపిక ఇస్తోందని పెట్టె తెరిపించాడు. చారల గిటారు. అన్నేళ్ళూ ఎవరూ కొనక స్టోర్‌లో పడి ఉంది. "సార్‌కు దీంతోని స్పెషల్ అనుబంధం ఉంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరెవరు కొట్టారో చెప్పగలను.

కాకినాడ తెచ్చాను. పాలిష్ అంతా నేనే ఓపిగ్గా తీసేశాను. ఇక్కడ ఇంటి గాలిలో ఏడాదంతా సముద్రపు తేమే. మూడు నెలలు పోయాక చూస్తే పగులు దానంతటదే దగ్గరికొచ్చి కలిసిపోయింది. గోరు పెట్టి లాగినా పట్టుకోదు. అయినా మా ఆవిడ ఇంట్లో సాంబ్రాణి వేసిన ప్రతిసారీ నేను గిటారు తెచ్చి, పొగ మీద బోర్లా పట్టుకుని, వీపు మీద ఆ చోటు చూస్తూ కూర్చుంటాను. ఇప్పటికీ పొగ లోపలికి వెళ్ళగానే గుండె అదురుతుంది.

మొన్న మా ఆవిడ విసుక్కుంది. "ఏమీ రావటం లేదు కదండీ. చెక్కే మర్చిపోయింది. మీరింకా ఏం చూస్తున్నారు?"

"దానికేం, మర్చిపోతుంది" అన్నాను, గిటారు దించకుండా. "దానికి వీసా లేదుగా."